పుస్తకం పాఠకుల దగ్గర ఉంది

మచిలీపట్నం,
9 ఫిబ్రవరి 1978

ఒసే సుభాషిణీ,

ఉప్పెన వచ్చి మూడో నెల నడుస్తోంది. ఇన్నాళ్లకి నీ దగ్గర్నుంచి ఒక కార్డు ముక్క. అందులో రెండు మాటలు: "క్షేమం. పనిలో ఉన్నాను." ఏం పనే తల్లీ? పాలెంలో నీ లైబ్రరీకి రెండు గోడలు, ఓ అటక తప్ప ఏమీ మిగల్లేదని గుడివాడ నుంచి మీ అమ్మగారు రాశారు. ఆ రోజు నువ్వు పాలెంలో కాకుండా అవనిగడ్డలో నీ అద్దెగదిలో ఉండబట్టి బతికావు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. విజయవాడ లైబ్రరీ ట్రైనింగులో ఏడాదిపాటు ఒకే గదిలో పడుకున్నాం, ఒకే దువ్వెనతో తల దువ్వుకున్నాం. నాకు రెండు మాటలా?

సరే, తిట్టడం అయింది. ఇప్పుడు శుభవార్త. మీ ఇన్స్పెక్టర్ సీతారామయ్య గారు మొన్న మా కాలేజీ లైబ్రరీకి వచ్చారు. పాలెం శాఖలో పుస్తకాలన్నీ పోయాయి గనక వాటిని లెక్కల్లోంచి కొట్టేస్తారట. పుస్తకాలు లేని చోట శాఖ ఎందుకని దాన్నీ ఎత్తేస్తారట. నిన్ను గుడివాడకి వేస్తారట. నాకైతే ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి బందరు లడ్డూ పెట్టాలనిపించింది. గుడివాడలో రైలెక్కితే కునుకు పట్టేలోపు బందరు. ఆదివారాలు మా ఇంట్లోనే ఉండొచ్చు. నీకు మంచం ఎక్కడ వేయాలా అని అమ్మీ అప్పుడే ఇల్లంతా చూస్తోంది.

కాగితం రాగానే సంతకం పెట్టు. ఆలోచించకు. నువ్వు ఆలోచిస్తే పనులు చెడతాయి.

నీ
హమీదా

*

అవనిగడ్డ,
20 ఫిబ్రవరి 1978

హమీదా,

నీ తిట్లు చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. మా ఇంటివారు రామలక్ష్మి గారు "ఏమ్మా, ఇంటి దగ్గర్నుంచా ఉత్తరం?" అని అడిగారు. అవునన్నాను.

కాగితం వచ్చింది. సంతకం పెట్టలేదు. ముందు నువ్వో సంగతి చెప్పాలి. పుస్తకాలన్నీ పోయిన మాట నిజమే. బీరువాల్లో ఉన్నవి బురద ముద్దలైపోయాయి, పారలతో ఎత్తి పోశాం. కానీ అటక మీద నా రేకు పెట్టె ఉన్నది ఉన్నట్టే ఉంది. తాళం తుప్పు పట్టింది గానీ లోపలికి చుక్క నీరు పోలేదు. పుస్తకాలతో పాటు అట్ట లోపలి జేబుల్లో పెట్టి ఇస్తారే, ఆ విడి వస్తువులు అందులో ఉన్నాయి. కుట్టుపని పుస్తకంతో వచ్చిన కత్తిరింపు కాగితాలు: జాకెట్టుకి, గౌనుకి, చొక్కాకి. ఖగోళం పుస్తకంతో వచ్చిన నక్షత్ర పటం. ఇంగ్లీషు నేర్చుకునే పుస్తకంతో వచ్చిన పల్చటి గ్రామఫోను రికార్డు. ఇంకా కొన్ని.

పుస్తకాలు లేవు, వాటి జతవి ఉన్నాయి. వీటిని లైబ్రరీ సొత్తుగా చూపించే నిబంధన ఏదైనా ఉందా? ఉంటే శాఖ బతుకుతుంది. నిబంధన చూపిస్తే వింటానని ఇన్స్పెక్టర్ గారు అన్నారు. మన బ్యాచిలో నిబంధనలన్నీ నోటికి వచ్చింది నీకొక్కదానికే. వెతికి చెప్పు.

అమ్మీకి నా నమస్కారాలు. మంచం కిటికీ దగ్గర వేయమను, వచ్చినప్పుడు పడుకుంటాను. వచ్చినప్పుడు మాత్రమే.

సుభ

*

మచిలీపట్నం,
27 ఫిబ్రవరి 1978

ఓ మొండిఘటమా,

వెతకాల్సిన పని లేదు. నాకు కంఠతా వచ్చు. నీకూ వచ్చి ఉండాలి గానీ పరీక్షలో నా వెనకాల కూర్చుని చూసి రాశావు గనక రాలేదు.

పుస్తకంతో వచ్చిన విడి వస్తువుకి సొంత నంబరు ఉండదు. పుస్తకం నంబరే దానికీ వేస్తాం. కేటలాగు కార్డు మీద కూడా దానికి సొంత చోటు లేదు. పేజీలెన్ని, బొమ్మలున్నాయా, పొడవెంత అని పుస్తకం వివరమంతా రాసి, చివర కూడిక గుర్తు పెట్టి, "కత్తిరింపు కాగితాలు, జేబులో" అని రాస్తాం. అంతే. పుస్తకాన్ని కొట్టేస్తే ఆ వరస మొత్తం పోతుంది. కూడిక గుర్తుకి ఎడమ పక్కన ఏమీ లేకుండా కుడి పక్కన మాత్రం రాయడం నేనెక్కడా చూడలేదు.

ఇంకో మాట, దాచను. నిబంధన ఇలా ఉన్నందుకు నాకు సంతోషంగా ఉంది. ఒకసారి వచ్చిన సముద్రం మళ్లీ రానని నీకేమన్నా రాసిచ్చిందా? నాలుగు కాగితాలు, ఒక పటం, వాయించడానికి మీ దగ్గర మిషనే లేని రికార్డు. వీటికోసం అక్కడే కూర్చుంటావా? నీకేదన్నా అయితే నేనేమైపోవాలి? ఆ పెట్టెను ఆఫీసుకి అప్పగించేసి గుడివాడ రా. కాదంటే నీతో మాట్లాడను. (మాట్లాడతాననుకో. అయినా రా.)

హమీదా

*

అవనిగడ్డ,
10 మార్చి 1978

హమీదా,

నీ జవాబుకి కోపం రాలేదు. నీకు తెలియని సంగతి ఒకటుంది. రాద్దామంటే చేయి రాక ఇన్నాళ్లూ రాయలేదు.

జేబులో వస్తువులు పాఠకుల ఇళ్లల్లో పోతాయని, పుస్తకం ఇచ్చేటప్పుడు వాటిని తీసి విడిగా దాచాలని, పుస్తకం తిరిగొచ్చాక మళ్లీ జేబులో పెట్టాలని ట్రైనింగులో నువ్వు నా వెంటపడి అలవాటు చేశావు. ఆ రేకు పెట్టె అందుకే కొన్నాను. పుస్తకం బీరువాలో ఉంటే దాని పటం దాని జేబులోనే ఉంటుంది. బీరువాల్లోవన్నీ పటాలతో సహా పోయాయి. పెట్టెలో మిగిలినవన్నీ, ఆ రోజుకి ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్లిన పుస్తకాలవి.

కుట్టుపని పుస్తకం భానుమతి తీసుకెళ్లింది. జ్ఞానమ్మ కూతురు, ఒక్కతే పిల్ల. "పుస్తకం ఇంట్లో చదువుకుంటానండీ, కాగితాలు మీ దగ్గరికొచ్చి చూసుకుంటా" అంది. నక్షత్రాల పుస్తకం తాతారావు మాస్టారు తీసుకెళ్లారు, బడిపిల్లలకి చెప్పాలని. ఇంగ్లీషు పుస్తకం బాజి తీసుకెళ్లాడు. బందరు రేవులో గుమాస్తా పనికి ఇంగ్లీషు అడుగుతారట. "రికార్డు మీరే ఉంచండి మేడమ్, మా ఇంట్లో కరెంటే లేదు" అని నవ్వాడు.

వీళ్లెవరూ లేరు హమీదా. పెట్టెలో ఉన్న ఒక్కో వస్తువుకీ ఒక్కో మనిషి ఉన్నారు. పుస్తకాలు వాళ్లతోనే వెళ్లాయి, మిగతా సగం నా దగ్గరుంది. అప్పగిస్తే ఆఫీసువాళ్లు చిత్తుకాగితాల్లో వేస్తారు. నేను వేయనివ్వను. అంతకు మించి నాకేమీ తోచడం లేదు.

సుభ

*

మచిలీపట్నం,
18 మార్చి 1978

సుభా, నా బంగారూ,

నీ ఉత్తరం లైబ్రరీలోనే విప్పాను. చదివాక కేటలాగు సొరుగుల వెనక్కి వెళ్లి ఏడ్చాను. ప్యూను చూసి కాఫీ తెచ్చిపెట్టాడు. తలనొప్పి అని చెప్పాను. నాలుగు కాగితాలన్నాను కదూ? ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో.

నిన్న గుడివాడ వెళ్లి సీతారామయ్య గారిని కలిశాను. పెట్టె సంగతి మొత్తం చెప్పాను. "అమ్మా హమీదా, నాది మాత్రం రాతిగుండెనా? కానీ నా పైన ఆడిట్ వాళ్లున్నారు. సొత్తు అని రాయాలంటే ఫలానా నిబంధన ప్రకారం అని చూపించాలి. వచ్చే మార్చి తనిఖీ దాకా శాఖను కదపను. ఈలోగా వెతకండి" అన్నారు. మంచి మనిషి. మనకి ఏడాది దొరికింది.

వెతుకుతాను. కానీ ఒకటి విను. నువ్వక్కడ ఉండటం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. ఒక పక్క వెతుకుతూ ఇంకో పక్క దొరక్కూడదని కూడా కోరుకుంటాను. ఏమనుకుంటావో అనుకో. నేను నీలాగా మంచిదాన్ని కాదు.

రంజానుకి రా. రాకపోతే అమ్మీయే బస్సెక్కి వచ్చేస్తానంటోంది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది.

నీ
హమీదా

*

అవనిగడ్డ,
14 సెప్టెంబరు 1978

హమీదమ్మ గారికి,

మీ అమ్మీ కట్టిచ్చిన ఖర్జూరాలు ఇంటికి తెచ్చి రామలక్ష్మి గారికి పెడదామనుకున్నాను. బస్సు చల్లపల్లి దాటకముందే అయిపోయాయి. ఏం చేయను? నీ ఇంట్లో మూడు పూటలా తిని తిని నా పొట్ట పాడైపోయింది.

పాలెంలో మిగిలిన ఆ రెండు గోడలకే, అటకని కలుపుకుని రేకుల షెడ్డు వేశారు. రోజూ పొద్దున్నే బస్సులో వెళ్లి తెరిచి కూర్చుంటున్నాను. పేపరు ఒక్కటే వస్తోంది. దాన్నే నలుగురైదుగురు పంచుకుని చదువుతారు. మొన్న జ్ఞానమ్మ వచ్చింది. సహాయం చేసేవాళ్లెవరో ఆమెకి కుట్టు మిషను ఇచ్చారట. గుమ్మం బయటే నిలబడి, "మా పిల్ల ఏవో కాగితాలు పరుచుకుని గుడ్డ కత్తిరించేదమ్మా. అయ్యున్నాయా, పోయాయా?" అంది.

పెట్టె తెరిచి తీసి ఆమె చేతిలో పెట్టబోయాను. "ఉంచుకో జ్ఞానమ్మా. నీకే" అన్నాను. చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఊరికే ఇత్తే వద్దమ్మా. ఊరికే ఇచ్చినయ్యే ఇంటినిండా. దుప్పట్లూ, గిన్నెలూ, ఆఖరికి కట్టుకున్న చీరా. మా పిల్ల చీటీ రాయించుకుని తెచ్చుకునేది. నాకూ అట్టాగే రాసియ్యండి" అంది.

చీటీ రాయాలంటే నంబరు కావాలి కదే. నంబరు లేదు. రేపు రమ్మన్నాను. ఆమె రోజూ వస్తోంది, నేను రోజూ రేపు రమ్మంటున్నాను. నాకు సిగ్గుగా ఉంది. నీకు ఇంకేమీ దొరకలేదా?

సుభ

*

మచిలీపట్నం,
21 ఫిబ్రవరి 1979

సుభా,

దొరికింది.

మద్రాసు నుంచి మా కాలేజీకి కొత్త నిబంధనల పుస్తకం వచ్చింది. పోయినేడాదే అచ్చయింది. ఇటుకంత లావుంది. రాగానే నీ పెట్టె గుర్తొచ్చి, పుస్తకంతో వచ్చే వస్తువుల నిబంధన తీశాను. చివర కూడిక గుర్తు పెట్టి రాయొచ్చట, కింద గమనికలో రాయొచ్చట, విడి కార్డే రాయొచ్చట. అన్నీ పుస్తకం చేతిలో ఉన్నవాళ్లకే. పెట్టుకున్న ఆశంతా పోయింది. ఆ రోజు నిజంగా నాకు హాయిగా అనిపించింది కూడా. ఇంక గుడివాడ వచ్చేస్తావు కదా అని.

తరవాత ఒకరోజు ఏదో వెతుకుతూ ఆ పుస్తకం మొదటి పేజీలు తిరగేస్తున్నాను. అసలు వర్ణన ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ చెప్పాడు. చేతిలో ఉన్న వస్తువుతో మొదలుపెట్టమన్నాడు. అది ఇదివరకు ఏ రూపంలో ఉండేదో దాంతో కాదు. చేతిలో పటముంటే పటాల అధ్యాయం, రికార్డుంటే రికార్డుల అధ్యాయం. జత వస్తువుల నిబంధనలో వెతకడమే నా పొరపాటు. నీ చేతిలో ఉన్నది ఇప్పుడు దేనికీ జత కాదు. అది తనంతట తానే ఒక వస్తువు. దానికి సొంత కార్డు, సొంత నంబరు ఇవ్వొచ్చు.

ఇది నీకు రాయకుండా ఊరుకుంటే నువ్వు వచ్చేదానివి. ఆ పేజీ మూసి రెండు రోజులు అటువైపు చూడలేదు. జ్ఞానమ్మ రోజూ వచ్చి గుమ్మం బయట నిలబడుతుందన్నావు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కూర్చుని, రంజానుకి వచ్చినప్పుడు నువ్వు రాసిచ్చిన జాబితా చూసి, నీ పెట్టెలో ప్రతి వస్తువుకీ నా చేత్తో కార్డు రాశాను. ఈ కవరులో ఉన్నాయి.

ఒకటి చూసుకో. ఏ పుస్తకంతో వచ్చిందో గమనికలో చెప్పాలి. పుస్తకం పేరు రాశాక, "పోయింది" అని రాయడానికి నా కలం ఆడలేదు. ఇచ్చిన పుస్తకం తిరిగి రాకపోతే మనం పోయిందని రాయం కదా. అందుకని ప్రతి కార్డు మీదా "పుస్తకం పాఠకుల దగ్గర ఉంది" అని రాశాను.

నీ
హమీదా

*

గుడివాడ,
25 మార్చి 1979

నా హమీదా,

అమ్మ దగ్గర కూర్చుని రాస్తున్నాను. పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టబోయాడు.

సీతారామయ్య గారు ముందు సరదాగానే మొదలుపెట్టారు. "పుస్తకానికి జేబుండటం చూశాను గానీ, జేబుకి పుస్తకం లేకపోవడం ఇదే చూడటం అమ్మాయ్" అన్నారు. నువ్వు ఎత్తి రాసిచ్చిన నిబంధన చూపించాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఇది బాగానే ఉంది. ఆడిట్ వాడికి నోరు పెగలదు" అన్నారు. తరవాత కార్డులు తీశారు. మొదటి కార్డు చివరిదాకా చదివి ఆగిపోయారు.

"ఈ గమనిక ఎవరు రాశారు?"

"హమీదా అండీ."

"పోయింది అని కదా రాయాలి?"

"తిరిగి తెచ్చేదాకా పాఠకుల దగ్గర ఉన్నట్టే కదండీ మనం రాసేది."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. ఒక్కొక్క కార్డూ చదివి, ఒక్కొక్కదాని మీదా సంతకం పెట్టారు. గబగబా పెట్టొచ్చు కదా, అలా పెట్టలేదు. లేచేటప్పుడు, "శాఖ ఉంటుంది. కొత్త పుస్తకాలు ఈ ఏడాది కొద్దిగానే ఇవ్వగలను. వెళ్లి నంబర్లు వేసుకో" అన్నారు.

అమ్మకి మాత్రం కోపంగా ఉంది. నీతో చేతులు కలిపి నన్ను గుడివాడ రప్పిద్దామనుకుందట, నువ్వే దెబ్బ కొట్టావట. "ఆ బందరు పిల్లని నమ్ముకున్నాను చూడు" అంటోంది. అంటూనే నీకోసం చింతకాయ పచ్చడి సీసాకెత్తింది. మనిషితో పంపిస్తున్నాను.

నేను అక్కడే ఉండటానికి కావలసింది, ఇష్టం లేకుండానే నువ్వు చేసిపెట్టావు. దానికి ఏమని రాయాలో నాకు చేతకావడం లేదు. నువ్వంటే నాకు ప్రాణం. అదొక్కటే తెలుసు.

సుభ

*

మచిలీపట్నం,
13 మే 1979

సుభా,

అవనిగడ్డకి ఒక ఉత్తరం, గుడివాడకి ఒకటి, రెండు చోట్లకీ ఇదే రాస్తున్నాను. ఏది ముందు అందితే అక్కడి నుంచి జవాబు రాయి.

రేవులో ప్రమాదపు జెండా ఎగరేసిన దగ్గర్నుంచి నేను నేనుగా లేను. రేడియో వదలకుండా కూర్చున్నాను. మూడు రోజులుగా గాలి, వాన. తుఫాను దక్షిణంగా పోయి తీరం దాటిందంటున్నారు. దివిసీమ సంగతి ఎవరూ చెప్పరు. నీకిచ్చిన టెలిగ్రాంకి జవాబు లేదు. అమ్మీ నమాజు చేసుకునే జానమాజ్ మీద నుంచి లేవడం లేదు.

నా చేత్తో రాసిన కార్డులే నిన్నక్కడ కట్టేశాయి. ఆ పెట్టె కోసం ఆగిపోయావేమోనని నాకు పిచ్చెక్కుతోంది. దాన్ని పట్టుకుని అటక మీద కూర్చుని ఉంటావు, నాకు తెలుసు నీ సంగతి. అలా చేసి ఉంటే నిన్ను జన్మలో క్షమించను. క్షేమం అని ఒక్క మాట రాయవే. ఈసారి రెండు మాటలు కూడా అక్కర్లేదు.

హమీదా

*

పాలెం, దివిసీమ,
22 మే 1979

హమీదా,

క్షేమం. క్షేమం. క్షేమం. చాలా?

నీ టెలిగ్రాం మేం వెళ్లిపోయాక వచ్చిందట. ఈసారి ముందే లారీలు పంపించారు. ఎవరూ ఎదురు చెప్పలేదు, పిల్లల్ని ఎత్తుకుని వచ్చేశారు. లారీ నిండిపోయింది. డ్రైవరు "మేడమ్, ఆ పెట్టె కూడా ఎక్కిస్తారా? కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు" అన్నాడు. ఆ కాళ్ల దగ్గర చోట్లో ఒక ముసలమ్మ కూర్చుంటుంది. వద్దన్నాను. పెట్టె అటక మీదే వదిలేసి తాళం వేసి వచ్చాను. నీకు నా సంగతి తెలుసన్నావే, తెలియదు. ఆ పెట్టె నాకు ఎంతో కావాలి. కానీ బతికున్నవాళ్ల చోట్లో పెట్టను.

గుడివాడకి ఇవతల ఒక బడిలో ఉంచారు. గాలికి పెంకులు లేచాయి గానీ సముద్రం రాలేదు. నిన్న తిరిగొచ్చాం. షెడ్డు రేకులు రెండు ఊడాయి. పెట్టె తడవలేదు. ఈ ఉత్తరం ఆ షెడ్డులోనే కూర్చుని రాస్తున్నాను. అమ్మీని జానమాజ్ మీద నుంచి లేపి అన్నం పెట్టు. వచ్చే ఆదివారం వస్తున్నాను, వారం రోజులుంటాను, నువ్వెళ్లమన్నా వెళ్లను.

ఇంకో సంగతి. ఏప్రిల్ చివర్లో జ్ఞానమ్మకి జాకెట్టు కాగితాలు చీటీ రాసి ఇచ్చాను. గడువు మే పదమూడు వేశాను. లారీ ఎక్కే కంగారులో నాకది గుర్తే లేదు. ఇవాళ పొద్దున నేను తలుపు తీసేసరికి ఆమె గుమ్మం దగ్గర ఉంది. ఈసారి లోపలికి వచ్చింది. నడుం దగ్గర చీర కుచ్చెళ్లలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. బడిలో ఉన్నన్నాళ్లూ, లారీలో రానూపోనూ, దాన్ని ఒంటి మీద నుంచి తీయలేదట. కాగితాలు మడతలు కూడా నలగలేదు.

"గడువు దాటిపోయిందమ్మా. మనం ఊళ్లో లేం కదా. తప్పయితే రాసుకోండి" అంది.

తప్పు లేదన్నాను. చీటీ తీసి తేదీ వేయబోయాను. ఉప్పెన తర్వాత ఈ లైబ్రరీలోంచి వెళ్లిన వస్తువు తిరిగి రావడం ఇదే మొదలు హమీదా. నేనిచ్చినవేవీ ఇంతవరకు తిరిగి రాలేదు. బల్ల మీద తల పెట్టుకుని గట్టిగా ఏడ్చేశాను. జ్ఞానమ్మ బల్ల ఇవతలికి వచ్చి నా వీపు నిమురుతూ నిలబడింది. ఎందుకు ఏడుస్తున్నానో ఆమెకి చెప్పాలా?

కాసేపయ్యాక, "సరేగానమ్మా, ఇప్పుడు చొక్కాది కావాలి. రాసియ్యండి" అంది.

కళ్లు తుడుచుకుని రాసిచ్చాను.

నీ
సుభ